అడగవలసిన ప్రశ్న

పిల్లల ఆత్మహత్యల గురించి తెలుగువాళ్ళం మాట్లాడుకునే తీరు ఒకటుంది. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం రోజులు పేపర్లో చదివి ‘అయ్యో పాపం’ అనుకుంటాం. కార్పొరేట్ కాలేజీలను నాలుగు తిట్లు తిడతాం. తరవాత మన పిల్లల మార్కుల సంగతి మనం చూసుకుంటాం. అమెరికాలో ఉన్నవాళ్ళమైతే ఇంకాస్త ధీమాగా “ఇక్కడ ఆ రాపిడి లేదు లెండి, పిల్లలు హాయిగా చదువుకుంటారు” అని కూడా అంటాం. ఎవరింట్లోనైనా అలాంటిది జరిగితే మాత్రం గొంతు తగ్గించి, వంటింట్లోకి వెళ్ళి మాట్లాడుకుంటాం.

నేను డాక్టర్ని కాను, చరిత్రకారుణ్ణి అంతకన్నా కాను. ఇంటర్ రెండేళ్ళూ కోస్తాలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివి, హైదరాబాదులో ఇంజనీరింగ్, ఇక్కడ కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్. చేసి, ఇరవై ఏళ్ళుగా కన్సల్టెంటుగా ఊళ్ళు తిరుగుతున్న సగటు తెలుగువాణ్ణి. ఆదివారాలు మా ఊరి తెలుగు బడిలో పాఠాలు చెబుతాను. ఆ బడి టీచర్లకు ఒకసారి ఇక్కడి స్కూలు కౌన్సెలర్ చేత చిన్న శిక్షణ ఇప్పించాం. ఆవిడ చెప్పిన ప్రతి మాట వెనకా ఎవరో ఎక్కడో పడ్డ శ్రమ ఉందనిపించి, అది ఎక్కడిదాకా పోతుందో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది. బడిలో చదివే పిల్లవాడికి బతకాలని లేదని పెద్దవాళ్ళు ఎలా గుర్తుపట్టాలి, గుర్తుపట్టాక ఏం చెయ్యాలి అన్న ప్రశ్నకు నూటపదిహేనేళ్ళుగా జవాబు ఎలా తయారవుతూ వచ్చిందో చెప్పాలని నా ప్రయత్నం.

వియన్నా, 1910

20వ శతాబ్దం మొదట్లో జర్మన్ మాట్లాడే దేశాల్లో బడిపిల్లల ఆత్మహత్యలు పేపర్లకు పెద్ద వార్త. తప్పంతా కఠినమైన హైస్కూళ్ళదేనని జనం మండిపడేవారు. మనకు బాగా తెలిసిన దృశ్యమే. 1910 ఏప్రిల్‌లో వియన్నా మనోవిశ్లేషణ సంఘం ఈ విషయం మీద చర్చ పెట్టింది. సిగ్మండ్ ఫ్రాయిడ్, ఆల్ఫ్రెడ్ ఆడ్లర్, విల్‌హెల్మ్ స్టెకెల్ వంటివాళ్ళు పాల్గొన్నారు. ఆ చర్చ అదే ఏడు చిన్న పుస్తకంగా కూడా వచ్చింది.

చర్చలో బడి తరఫున మాట్లాడినాయన డేవిడ్ ఓపెన్‌హైమ్. ప్రాచీన భాషలు బోధించే హైస్కూలు మాస్టారు. పుస్తకంలో తన పేరు వేసుకోకుండా ‘చాలామందిలో ఒకడు’ అనే అర్థం వచ్చే లాటిన్ మారుపేరు పెట్టుకున్నాడు. ప్రతి మరణాన్నీ బడి నెత్తిన రుద్దడం అన్యాయమనీ, కారణాలు ఇంటా బయటా ఇంకెన్నో ఉంటాయనీ ఆయన వాదన. అందులో నిజం లేకపోలేదు. ఈ రోజు వైద్యులు చెప్పేదీ అదే: ఏ ఆత్మహత్యకూ ఒక్కటే కారణం ఉండదు.

ఫ్రాయిడ్ ఆ వాదనను కొట్టిపారెయ్యలేదు. బడిని వదిలిపెట్టనూ లేదు. పిల్లల్ని చావుకు తోయకుండా ఉంటే చాలదు, బతకాలన్న కోరిక వాళ్ళలో కలిగించడం కూడా బడి పనే అన్నాడు. ఇంటితో ముడి కాస్త వదులయ్యే వయసులో బడి వాళ్ళకు ఆసరా కావాలనీ, ఇంకా ఎదగని పిల్లలతో వ్యవహరిస్తున్నామన్న సంగతి బడి మరిచిపోకూడదనీ ఆయన అభిప్రాయం. తప్పెవరిదన్న తగువును ‘ఎవరేం చెయ్యగలరు’ అన్న ఆలోచన వైపు తిప్పిన తొలి మాటల్లో ఇదొకటని నాకనిపిస్తుంది. అయితే ఆ పెద్దలు పిల్లల గురించి మాట్లాడుకున్నారే గాని, పిల్లలతో ఎలా మాట్లాడాలో చెప్పలేదు. అది రావడానికి ఇంకా నలభై ఏళ్ళు పట్టింది.

లండన్‌లో ఒక టెలిఫోను

ఛాడ్ వారా అనే ఆంగ్లికన్ మతాచార్యుడు 1935లో, ఆ పనిలో కొత్తగా ఉన్నప్పుడు, పద్నాలుగేళ్ళ అమ్మాయి అంత్యక్రియలు జరిపించాడు. ఆ పిల్లకు నెలసరి మొదలైంది. అదేమిటో ఎవరూ చెప్పలేదు. ఏదో సుఖవ్యాధి సోకిందనుకుని భయపడి, ఎవరినీ అడగలేక ప్రాణం తీసుకుంది. అడగడానికి ఒక్క మనిషి ఉంటే ఆ పిల్ల బతికేది.

ఆ సంగతి ఆయన మనసులోంచి పోలేదు. 1953 నవంబరు 2న లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రుక్ చర్చిలో, ప్రాణం తీసుకోవాలనుకునేవాళ్ళు ఫోన్ చేసి మాట్లాడేందుకు ఒక నంబరు పెట్టాడు. ‘సమారిటన్స్’ అలా పుట్టింది. ఆయన్ని కలవడానికి వచ్చినవాళ్ళు వరసలో కూర్చునేవారు. సాయానికి వచ్చిన మామూలు మనుషులు వాళ్ళకు టీ ఇచ్చి కబుర్లు వినేవారు. కొన్నాళ్ళకు ఆయన ఒకటి గమనించాడు: టీ ఇచ్చినవాళ్ళతో మాట్లాడాక చాలామందికి తనతో పని ఉండటం లేదు! 1954 మొదట్లోనే వినే పనంతా ఆ వలంటీర్లకు అప్పగించేశాడు. సలహాలు, నీతులు లేకుండా వినగలిగిన మనిషి ఒక్కడుంటే గండం గడవవచ్చునని దాంతో తేలింది. గండం గడిచాక వైద్యం సంగతి వైద్యులు చూస్తారు. ముందు గండం గడవాలి.

ఈ పాయ మన దాకా వచ్చింది. 1986లో మద్రాసులో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ ‘స్నేహ’ సంస్థను స్థాపించారు. అక్కడా వినేది శిక్షణ పొందిన వలంటీర్లే.

గుర్తులు ఉంటాయి

1949లో ఎడ్విన్ ష్నైడ్మన్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త లాస్ ఏంజెలెస్ కౌంటీ కరోనర్ ఆఫీసుకు ఏదో పని మీద వెళ్ళి, పాత ఫైళ్ళలో చనిపోయినవాళ్ళు రాసిన ఉత్తరాలు వందల కొద్దీ ఉండటం చూశాడు. అప్పటిదాకా వాటిని ఎవరూ శాస్త్రీయంగా చదవలేదు. నార్మన్ ఫార్బెరోతో కలిసి వాటిని పరిశీలించాడు. 1958లో వాళ్ళిద్దరూ, రాబర్ట్ లిట్‌మన్‌తో కలిసి లాస్ ఏంజెలెస్‌లో ఆత్మహత్యల నివారణ కేంద్రం తెరిచారు.

సాఫ్ట్‌వేరు వాళ్ళకు ఈ పద్ధతి పరిచయమే. సిస్టమ్ కూలిపోయాక లాగ్ ఫైళ్ళు తిరగేస్తే, ముందు రోజుల్లోనే హెచ్చరికలు కనిపిస్తాయి. ‘ఉన్నట్టుండి చేసుకున్నాడు, ఏమీ తెలియలేదు’ అని ఇంటివాళ్ళు అనుకున్నచోట కూడా, వెనక్కి వెళ్ళి చూస్తే చాలాసార్లు మాటలోనో, చేతలోనో ఏదో ఒక సూచన ఉందని వాళ్ళు తేల్చారు. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా చెప్పారు. ఆ స్థితిలో ఉన్న మనిషి మనసు రెండు వైపులా లాగుతూ ఉంటుంది. ఒక పక్క చావాలని, ఇంకో పక్క ఎవరైనా ఆపితే బాగుండునని. ఆ రెండో పక్క ఉంది కాబట్టే సూచనలు బయటికొస్తాయి, మనం చెయ్యడానికి పని ఉంటుంది.

ఇప్పుడు ఇక్కడి బడుల్లో టీచర్లకు చెప్పే గుర్తుల పట్టిక ఆ దారిలోంచి వచ్చిందే. చావు గురించి మాట్లాడటం, రాయడం. తాను అందరికీ బరువైపోయానని అనడం. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం. ఆటలూ, స్నేహితులూ వదిలేసి గదిలో ఉండిపోవడం. నిద్ర, తిండి మారిపోవడం. ఊరికే చిరాకు, కోపం. ఇంతకు ముందు ఒకసారి ప్రయత్నం చేసి ఉండటం అన్నిటికన్నా పెద్ద గుర్తు. చాలా రోజులు కుమిలిపోయిన పిల్లవాడు ఒక్కసారిగా తేటగా, ప్రశాంతంగా కనిపిస్తే గండం గడిచిందని వెంటనే నిశ్చింతగా ఉండకూడదు. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. కొత్తగా వచ్చినవీ, కలిసికట్టుగా కనిపించేవీ చూడాలి. చూసి అడగాలి.

అడిగితే ఏమవుతుంది?

ఇక్కడే అందరి కాళ్ళూ ఆగిపోయేది. ‘లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందేమో’ అన్న భయం. ఈ భయం తెలుగువాళ్ళ సొత్తేం కాదు. అమెరికాలో స్కూలు ప్రిన్సిపాళ్ళు కూడా అదే మాట చెప్పి సర్వేలను బడిలోకి రానిచ్చేవారు కారు.

కొలంబియా యూనివర్సిటీకి చెందిన మేడలిన్ గూల్డ్ బృందం దాన్ని పరీక్షించింది. న్యూయార్క్ రాష్ట్రంలో 6 హైస్కూళ్ళ నుంచి 2,342 మంది పిల్లల్ని తీసుకుని రెండు జట్లు చేశారు. ఒక జట్టు సర్వేలో ఆత్మహత్య ఆలోచనల గురించిన ప్రశ్నలు పెట్టారు, రెండో జట్టుకు పెట్టలేదు. రెండు రోజుల తరవాత చూస్తే ప్రశ్నలు విన్న పిల్లల్లో బాధ పెరగలేదు, ఆత్మహత్య ఆలోచనలూ పెరగలేదు. అప్పటికే దిగులులో ఉన్నవాళ్ళకూ, ఇంతకు ముందు ప్రయత్నం చేసినవాళ్ళకూ అడగడం వల్ల కాస్త మేలే కనిపించింది. 2005లో ఈ ఫలితాలు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చాయి. అడిగితే ప్రమాదమన్న నమ్మకానికి ఆధారం లేకుండా పోయింది.

ఆ తరవాతి కథ చట్టాలది. 2004లో గారెట్ లీ స్మిత్ చట్టం వచ్చింది. కొడుకును పోగొట్టుకున్న ఒక సెనేటర్ పట్టుబట్టి తెచ్చిన చట్టమది. యువత ఆత్మహత్యల నివారణకు కేంద్రం నుంచి డబ్బు ఇవ్వడం దాంతో మొదలైంది. 2007లో టెనెసీ రాష్ట్రం జేసన్ ఫ్లాట్ చట్టం చేసి, టీచర్లకు ఏటా రెండు గంటల శిక్షణ పెట్టింది. మరెన్నో రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. కాలిఫోర్నియా 2016లో 7 నుంచి 12 తరగతులున్న బడులన్నిటికీ నివారణ విధానం రాసుకోవాలని చట్టం చేసింది. 2022 జులై 16 నుంచి దేశమంతటికీ 988 నంబరు వచ్చింది.

టీచర్లకు శిక్షణ ఇస్తే సరిపోతుందా? పూర్తిగా సరిపోదు. యూరప్‌లో 10 దేశాల్లో, 168 బడుల్లో, 11,110 మంది పిల్లల మీద డానుటా వాసర్‌మన్ బృందం చేసిన పరిశోధన 2015లో లాన్సెట్‌లో వచ్చింది. మూడు పద్ధతులు పోల్చి చూశారు: టీచర్లకు శిక్షణ, సర్వే పెట్టి వైద్యుల దగ్గరకు పంపడం, పిల్లలకే తరగతి గదిలో చర్చలూ, చిన్న నాటకాలతో మనసు సంగతులు నేర్పడం. ఏడాది తరవాత చూస్తే స్పష్టమైన తేడా మూడో పద్ధతిలోనే కనిపించింది. మామూలు బడుల్లో ఆత్మహత్యా ప్రయత్నాలు 1.51 శాతం ఉంటే, వీళ్ళలో 0.70 శాతం. పద్నాలుగేళ్ళ పిల్లవాడు గుట్టు చెప్పుకునేది ముందు స్నేహితుడికే. ఆ స్నేహితుడికి ‘ఇది గుట్టుగా ఉంచకూడదు, పెద్దవాళ్ళకు చెప్పాలి’ అని తెలిసి ఉండాలి.

ఇక్కడ ఒత్తిడి లేదనుకునేవాళ్ళకు ఒక మాట. సిలికాన్ వ్యాలీ నడిబొడ్డున, చదువుకున్న, డబ్బున్న కుటుంబాలుండే పాలో ఆల్టోలో 2009లో ఒకసారి, 2014లో ఇంకోసారి హైస్కూలు పిల్లల మరణాలు వరసగా జరిగాయి. 2016లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సి.డి.సి. నుంచి నిపుణులు వచ్చి పరిశీలించవలసి వచ్చింది. మనవాళ్ళు మంచి స్కూళ్ళని వెతుక్కుని ఇళ్ళు కొనుక్కునే ప్రాంతమే అది.

మన వైపు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ విద్యార్థుల మరణాల మీద 2001లో ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీ వేశారు. 2017లో ప్రొఫెసర్ చక్రపాణి కమిటీ. మధ్యలో ఓ తరం పిల్లలు ఆ హాస్టళ్ళలోంచి బయటికొచ్చి, నాలాగా విమానాలెక్కి, ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. వారం వారం పరీక్షలు, ర్యాంకును బట్టి సెక్షను, నోటీసు బోర్డు మీద పేర్లు. ఇవేవీ మారలేదు.

తమిళనాడు ఒక పని చేసింది. 2000ల తొలి ఏళ్ళలో, పది, పన్నెండు తరగతులు తప్పిన పిల్లలు ఏడాది పోగొట్టుకోకుండా వెంటనే సప్లిమెంటరీ పరీక్ష రాసే వీలు కల్పించింది. ‘స్నేహ’ వంటి సంస్థలు దానికోసం గట్టిగా అడిగాయి. పిల్లవాడికి కౌన్సెలింగ్ ఇవ్వడం ఒక ఎత్తు. వాడి ముందున్న గోడలో ఒక తలుపు పెట్టడం ఇంకో ఎత్తు. రెండోది ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో చెయ్యగలదు.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. 9 లక్షలకు పైగా రాస్తే 3 లక్షలకు పైగా తప్పారు. ఫలితాల తయారీలో తప్పులు బయటపడ్డాయి. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక అమ్మాయికి మళ్ళీ చూస్తే 99 మార్కులు! ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసి, తప్పినవాళ్ళందరి పేపర్లూ ఉచితంగా తిరిగి పరిశీలించమంది. అందులో వెయ్యి మందికి పైగా పాసయ్యారు. నా వృత్తి ఇదే కాబట్టి ఒక మాట చెప్పగలను. బ్యాంకు సాఫ్ట్‌వేరులో పైసా తేడా వస్తే విడుదల ఆపేస్తాం. లక్షల మంది పిల్లల బతుకుల మీద ముద్ర వేసే లెక్కకు అంతకన్నా తక్కువ పరీక్ష ఉండటానికి వీల్లేదు. ఫలితాలు ప్రకటించే ముందు, నిన్నటిదాకా తొంభైలు తెచ్చుకున్న పిల్లకు సున్నా ఎందుకొచ్చిందని అడిగే ఒక చిన్న తనిఖీ చాలు. నిజంగా తప్పినవాళ్ళ మాటో? వాళ్ళ ప్రాణం విలువ 35 మార్కుల మీద ఆధారపడింది కాదు. సాంకేతిక లోపం గురించి అరిచి, ఈ మాట మరిచిపోతే మనం సగమే నేర్చుకున్నట్టు.

దేశం మొత్తం మీద 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య వల్ల చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. 2025 జులై 25న సుప్రీంకోర్టు దీని మీద పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కేసు విశాఖపట్నంలో వైద్య ప్రవేశ పరీక్షకు చదువుతున్న పదిహేడేళ్ళ అమ్మాయి మరణం మీద వచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచీలు విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలోనూ తరగతుల్లోనూ కనబడేటట్టు పెట్టాలి. మన దేశంలో చదువుతున్న మేనల్లుడో, మేనకోడలో ఉంటే వాళ్ళ కాలేజీలో ఇవి ఉన్నాయా అని అడిగే హక్కు ఇప్పుడు మనకుంది. ఫీజు కట్టేటప్పుడు భోజనం, ఏ.సి. గురించి అడుగుతాం కదా, దీన్ని కూడా అడగవచ్చు.

వార్త చెప్పే పద్ధతి

1774లో గోథే రాసిన ‘యువ వెర్థర్’ నవల చదివి కొందరు కథానాయకుణ్ణి అనుకరించారన్న భయంతో లైప్జిగ్‌లో ఆ పుస్తకాన్ని నిషేధించారు. సరిగ్గా రెండు వందల ఏళ్ళకు, 1974లో, డేవిడ్ ఫిలిప్స్ అనే సామాజిక శాస్త్రవేత్త పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చే ఆత్మహత్య వార్తల తరవాత అలాంటి మరణాలు పెరుగుతాయని చూపించి, దానికి ‘వెర్థర్ ప్రభావం’ అని పేరు పెట్టాడు. 2010లో వియన్నాలోనే నీడర్‌క్రోటెన్‌థాలర్ బృందం దీనికి రెండో ముఖం కనిపెట్టింది. కష్టకాలం దాటి వచ్చినవాళ్ళ కథలు ప్రాణాలు కాపాడతాయి. మొజార్ట్ ఒపేరాలో ముగ్గురు బాలురు వచ్చి పాపగేనోను చావు నుంచి మళ్ళిస్తారు. అందుకని దీనికి ‘పాపగేనో ప్రభావం’ అన్నారు. వాట్సాప్ గ్రూపుల్లో ఎలా చనిపోయాడో, ఏం రాసిపెట్టాడో ఫార్వర్డ్ చేసే మనవాళ్ళు ఇది తెలుసుకోవాలి. వివరాలు వద్దు. సాయం దొరికే నంబరు చాలు.

మన భాషలో ఒక చిక్కు

తెలుగులో ‘చావు’ మాట ఇంట్లో మనిషి లాంటిది. ‘నవ్వలేక చచ్చాను’, ‘పని చెయ్యలేక చస్తున్నా’, ‘చావగొడతా వెధవా’. పిల్లవాడు నిజంగానే “చచ్చిపోవాలనుంది” అన్నప్పుడు ఆ మాట వీటి మధ్య కలిసిపోతుంది. ఇక్కడ పుట్టిన పిల్లలైతే వాళ్ళ బాధ ఇంగ్లీషులో ఉంటుంది, మన లాలన తెలుగులో ఉంటుంది. మధ్యలో ‘నలుగురూ ఏమనుకుంటారో’ అన్న గోడ.

అందుకని మా తెలుగు బడిలో టీచర్లం, తల్లిదండ్రులం కలిసి ప్రశ్నను తెలుగులో ముందే తయారుచేసి పెట్టుకున్నాం. “నాన్నా, ఈ మధ్య నువ్వు చాలా దిగులుగా ఉన్నావు. ఇలాంటప్పుడు కొంతమందికి బతకాలనిపించదట. నీకు అలా అనిపిస్తోందా? చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా?” ఆ మాట డొంకతిరుగుడు లేకుండా అనాలి. “పిచ్చి పిచ్చి ఆలోచనలేం లేవు కదా” అని అడిగితే పిల్లవాడు “లేవు” అనే అంటాడు. జవాబు మన ప్రశ్నలోనే ఉంది మరి.

“అవును” అంటే? మనం బెంబేలెత్తకూడదు. “నీకేం తక్కువ చేశాం” అనకూడదు. దేవుడినీ, అమ్మమ్మనీ, పరువునీ మధ్యకు తేకూడదు. “చెప్పినందుకు మంచి పని చేశావు, నేనున్నాను” అనాలి. ఎప్పటి నుంచి, ఎలాగైనా చెయ్యాలని అనుకున్నావా అని అడిగి వినాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. ఆలోచన గట్టిగా ఉంటే వాణ్ణి ఒంటరిగా వదలకూడదు, హాని చెయ్యగల మందులూ ఆయుధాలూ ఇంట్లో అందకుండా చెయ్యాలి, ఆ రోజే సాయం పిలవాలి. అమెరికాలో 988కి ఫోన్ చెయ్యవచ్చు, మెసేజీ పెట్టవచ్చు. బ్రిటన్‌లో సమారిటన్స్ 116 123. ఇండియాలో 14416, అది 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్, అక్కడ తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం ముంచుకొస్తే నేరుగా ఆస్పత్రికే. ఇండియాలో పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టే రోజులు కూడా పోయాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం, ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడమంటుంది. 2024 జులైలో వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో పాత 309 సెక్షను లేదు.

గండం గడిచాక పని అయిపోదు. మర్నాడు, వారం తరవాత, నెల తరవాత “ఎలా ఉంది?” అని మళ్ళీ అడగాలి. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి, జ్వరానికి వెళ్ళినట్టే వెళ్ళొచ్చామని ఇంట్లో అనుకోవాలి.

మా బడిలో చదివే పెద్ద పిల్లలకు ఈ ఏడు నుంచి ఒక క్లాసు దీనికి కేటాయించాం. స్నేహితుడు గుట్టు చెబితే ఏం చెయ్యాలో వాళ్ళే చిన్న నాటకం వేసి చూపిస్తారు. ముందు తల్లిదండ్రులకు చీటీ పంపాం. ఇద్దరు తమ పిల్లలు వద్దన్నారు, వాళ్ళ ఇష్టం. మిగతా ముప్ఫై మంది వచ్చారు. మీ ఊళ్ళో తెలుగు బడి ఉంటే, ఉగాది నాటకానికి రిహార్సల్సు చేసే నెలల్లో ఒక్క ఆదివారం దీనికి తీసి పెట్టండి. ఇక్కడి స్కూలు కౌన్సెలర్లు పిలిస్తే వస్తారు, డబ్బు కూడా అడగరు.